ఎంతవుద్ది? ముందు ఎవరికి?

కాశీబుగ్గలో పిల్లల డాక్టరు దగ్గరికి బాబుని తీసుకెళ్లారు. ఆయన జ్వరానికి మందు రాసి, చివర్లో ఇంకో మాట అడిగారు. "హెపటైటిస్ ఎ టీకా వేయించారా?" లేదన్నారు మీరు. చీటీ మీద పేరు రాసిచ్చారు. బయటికొచ్చి మందుల షాపులో ధర అడిగితే, చెప్పిన అంకె విని పక్కనున్న మీ అత్తగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "ఓలమ్మో, ఒక్క సూదికి అంతా! మాకెవులేసేరు ఇవన్నీ? మేం బతకనేదేటి?" మీరు చీటీ మడిచి పర్సులో పెట్టుకుని ఆటో ఎక్కేశారు.

ఆ చీటీ ఇంకా పర్సులోనే ఉందా? ఉంటే తీసి ముందు పెట్టుకోండి. టీకా మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ పెట్టను. మీ సందేహం అది కాదు. ఇంట్లో పిల్లలిద్దరు, ముసలివాళ్లిద్దరు, మీరిద్దరు. చేతిలో ఒక్క డోసుకు సరిపడా డబ్బుంది. ఏం చెయ్యాలి? ఎంతవుద్ది అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయినవాళ్లు చీటీ మడిచేస్తారు. ముందు ఎవరికి అని కూడా అడిగినవాళ్లు దారి కనుక్కుంటారు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది అదే.

అత్తగారి మాటలో సగం నిజం

ఆవిడ మాట కొట్టిపారేయకండి. నూతినీళ్లు, చెరువునీళ్లు తాగి పెరిగిన తరానికి హెపటైటిస్ ఎ వైరస్ పసితనంలోనే తగిలేది. ఆరేళ్లలోపు పిల్లల్లో చాలామందికి కళ్లు పచ్చబడవు, ఒళ్లు పచ్చబడదు. రెండ్రోజులు నలతగా ఉంటారు, అన్నం వద్దంటారు, మూడోరోజు లేచి ఆడుకుంటారు. అమ్మకి కూడా తెలియదు అది కామెర్ల వైరస్ అని. ఆ ఒక్కసారితో జీవితాంతం రక్షణ వచ్చేస్తుంది. అత్తగారికి టీకా ఎవరూ వెయ్యలేదు, నిజమే. నూతినీళ్లే వేశాయి. దాన్ని తట్టుకుని బతకనివాళ్ల సంగతి మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.

మరి మీ పిల్లల సంగతి? వాళ్లు పుట్టేసరికి మన ఉద్దానం ప్రాంతంలో నీళ్ల కథ మారిపోయింది. కిడ్నీ జబ్బు భయంతో ఇంటింటికీ ఇరవై లీటర్ల క్యాను వచ్చింది, ఊరూరా ఆర్వో ప్లాంటు వచ్చింది. 2023 డిసెంబరు 14న కంచిలి మండలం మకరాంపురంలో సుజలధార పథకం ప్రారంభమైంది. 700 కోట్ల రూపాయలతో కట్టిన ఆ పథకం వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్లకు తెస్తుంది. ఇది మన ప్రాంతం ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్న మేలు.

ఆ మేలుతో పాటు మనం గమనించాల్సిన మార్పు ఒకటి వచ్చింది. శుభ్రమైన నీళ్లు తాగి పెరిగిన పిల్లకి ఈ వైరస్ చిన్నప్పుడు తగలదు. రక్షణ లేకుండానే పదిహేను, పద్దెనిమిదేళ్లు వస్తాయి. అప్పుడు ఇల్లు వదిలి హాస్టలుకో, హైదరాబాద్‌లో గదికో, గుజరాత్ తీరంలో పడవ మీదికో వెళ్తుంది లేదా వెళ్తాడు. అక్కడి నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో మనకు తెలియదు. ఈ వైరస్ పెద్దయ్యాక తగిలితే పదిమందిలో ఏడుగురికి పైగా కామెర్లు బయటపడతాయి. వారాలు మంచం పట్టిస్తుంది. అరుదుగా కాలేయం పూర్తిగా దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది.

దూరం వెళ్లక్కర్లేదు. 2025 సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో మన పక్కనే పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలో, గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు వ్యాపించాయి. వంద మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. కొందరిని విశాఖ కేజీహెచ్ దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. అది హెపటైటిస్ ఎ. 2024 వేసవిలో కేరళలోని ఎర్నాకుళం జిల్లా వేంగూర్ పంచాయతీలో కుళాయి నీళ్లతోనే ఇదే జబ్బు రెండు వందల మందికి పైగా సోకింది. చదువులోను, ఆసుపత్రుల్లోను ముందున్న కేరళలోనే అలా అయింది. మనకి రాదని ఏ ధీమాతో అనుకుంటాం?

అసలు ధర ఎంత?

ఈ టీకా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే జాబితాలో లేదు. బుధవారం, శనివారం ఏఎన్ఎమ్మ గారు వేసే టీకాల్లో ఇది ఉండదు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఆసుపత్రిలో చేరితే చేసే చికిత్సలకు పనికొస్తుంది కానీ ఈ సూదికి పనికిరాదు. మీ జేబులోంచే పెట్టాలి.

బజారులో రెండు రకాలున్నాయి. ఒకటి చంపిన వైరస్‌తో చేసింది. రెండు డోసులు వెయ్యాలి, మధ్యలో కనీసం ఆరు నెలలు. రెండోది బలం తగ్గించిన వైరస్‌తో చేసింది. పిల్లలకు ఒక్క డోసు. ఏది వేసినా ఏడాది నిండాకే. చాలాకాలం ఇవన్నీ విదేశాల నుంచి వచ్చినవే. 2024 జనవరిలో హైదరాబాద్‌కు చెందిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థ హావిష్యూర్ పేరుతో మన దేశంలోనే తయారైన మొదటి హెపటైటిస్ ఎ టీకాను విడుదల చేసింది. అది రెండు డోసుల రకం.

పిల్లల డోసు ఒక్కోటి వెయ్యి దాటి, రెండు వేలకు అటూ ఇటూ ఉంటుంది. పెద్దల డోసు దానికంటే ఎక్కువ. కంపెనీని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది కాబట్టి లెక్క సులువు కోసం డోసు రెండు వేలు అనుకుని మాట్లాడుకుందాం. మీరు మాత్రం పెట్టె మీద అచ్చేసిన ఎమ్మార్పీ చూడండి.

ఇప్పుడు రెండో వైపు లెక్క. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక డోసు ఆరేడు రోజుల కూలి. తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. పలాసలో జీడిపిక్కలు కొట్టే అమ్మకి, మంచినీళ్లపేటలో వలలు బాగుచేసుకునే అయ్యకి రెండు వేలు అంటే రెండు వేలే. అదే మనిషి కామెర్లతో నెల రోజులు పనికి వెళ్లలేకపోతే? 26 రోజుల కూలి 7,982 రూపాయలు. దానికి రక్తపరీక్షలు కలపండి. ఆటో ఖర్చులు, సెలైన్లు కలపండి. తోడుండటానికి పని మానుకున్న ఇంకో మనిషి కూలి కలపండి. వడ్డీకి తెచ్చినదైతే ఆ వడ్డీ కూడా. ఈ జబ్బుకు ప్రత్యేకంగా మందు లేదు. డబ్బు పోసినా వైరస్‌ని చంపే మాత్ర దొరకదు. శరీరమే కోలుకోవాలి, మనం ఎదురుచూడాలి.

ఇక పని మొదలుపెడదాం.

1. ఇంట్లో వరస రాయండి

చీటీ వెనక్కి తిప్పి ఇంట్లోవాళ్ల పేర్లు రాయండి. ఇప్పుడు నేను చెప్పే వరసలో అంకెలు వెయ్యండి.

మొదటి అంకె, ఇప్పటికే కాలేయం జబ్బున్న మనిషికి. హెపటైటిస్ బి ఉందని ఎప్పుడో పరీక్షలో తేలిన చిన్నాన్న కావచ్చు, తాగుడుతో కాలేయం చెడిన మావ కావచ్చు. వీళ్లకు హెపటైటిస్ ఎ తోడైతే తట్టుకోవడం కష్టం. వాళ్లను చూసే డాక్టరుని అడిగి వేయించండి. ఇంట్లో అలాంటివాళ్లు లేకపోతే మంచిదే, ఆ అంకె కిందికి జరుగుతుంది.

రెండో అంకె, త్వరలో ఇల్లు వదిలి వెళ్లబోయే పిల్లకో పిల్లాడికో. గురుకులంలో సీటొచ్చిన ఆరో తరగతి పాప, ఇంటర్ కోసం విశాఖ హాస్టలుకు వెళ్లే అబ్బాయి, గల్ఫ్‌కు వీసా వచ్చిన ఐటీఐ కుర్రాడు. క్యాను నీళ్లతో పెరిగి, పదిమందితో కలిసి తినే చోటికి వెళ్తున్నాడంటే అతనికే ముందు. చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఒళ్లో ఉన్న చంటిది కనిపిస్తుంది కాబట్టి దానికి ముందు వేయిస్తారు, హాస్టలుకు వెళ్లే పెద్దాడికి కొత్త పెట్టె, పరుపు కొంటారు. పెట్టెతో పాటు మొదటి డోసు కూడా హాస్టలు ఖర్చులోనే రాసుకోండి అని నా మాట. వెళ్లడానికి నెల ముందు పడితే మేలు, ఎందుకంటే మొదటి డోసు పడిన నెలకు దాదాపు 95 శాతం మందిలో రక్షణ తయారవుతుంది. రెండో డోసు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు.

మూడో అంకె, ఏడాది దాటిన చిన్నపిల్లలకు. వాళ్లకు జబ్బు తేలిగ్గానే పోవచ్చు. కానీ వాళ్ల నుంచి ఇంట్లో పెద్దలకు అంటుతుంది, టీకా వేస్తే వాళ్లకు ముందుముందు చాలా ఏళ్ల రక్షణ ఉంటుంది. డబ్బు చేతిలో ఉంటే వాయిదా వెయ్యకండి. లేకపోతే రెండో అంకె తర్వాత.

చివరి అంకె తాతకి, అమ్మమ్మకి. మొదటే చెప్పుకున్నాం కదా, చాలామందికి ఇప్పటికే రక్షణ ఉండే అవకాశం ఎక్కువ. నడివయసు వాళ్లకు అనుమానంగా ఉంటే ఒంట్లో రక్షణ ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష ఉంది. హెపటైటిస్ ఎ ఐజీజీ అని అడగాలి. దాని ధర కూడా తక్కువేం ఉండదు కాబట్టి ఒక డోసు ధరతో పోల్చుకుని, రెండు డోసుల పెద్దల టీకా వేయించుకునే ముందు డాక్టరుతో మాట్లాడండి. ఎప్పుడో హెపటైటిస్ ఎ వచ్చి తగ్గిందని రిపోర్టు ఉన్నవాళ్లకు టీకా అక్కర్లేదు.

2. కార్డు తెచ్చుకుని చూడండి: అది బి, ఇది ఎ

"మా పాపకి పుట్టగానే కామెర్ల సూది వేశారండీ." ఈ మాట మీరూ అని ఉంటారు. ఇది అబద్ధం కాదు, కానీ ఆ సూది హెపటైటిస్ బికి. పుట్టిన వెంటనే ఒకటి, తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్‌లో కలిపి మూడు, అన్నీ ఉచితం. హెపటైటిస్ బి రక్తం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. హెపటైటిస్ ఎ మలంతో కలుషితమైన నీళ్ల ద్వారా, తిండి ద్వారా వస్తుంది. రెండిటికీ ఇంటిపేరు ఒకటే, ఒకదాని టీకా ఇంకోదాన్ని ఆపదు. తల్లీబిడ్డల కార్డు తీసి చూడండి. 'ఎ' కనిపించకపోతే వెయ్యనట్టే.

ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్నవాళ్ల ఇళ్లకు ఇక్కడ ఒక మాట. డయాలసిస్‌లో రక్తం బయటికెళ్లి యంత్రంలోంచి తిరిగొస్తుంది కాబట్టి వాళ్లకు ముందు కావాల్సింది హెపటైటిస్ బి టీకా, అది కూడా మామూలు కంటే పెద్ద మోతాదులో. డయాలసిస్ సెంటర్లో "మా నాన్నకి బి టీకా పూర్తయిందా, ఎన్ని డోసులు పడ్డాయి?" అని అడిగి పుస్తకంలో రాయించుకోండి. ఆ తర్వాతే ఎ గురించి ఆలోచించండి. కిడ్నీ మార్పిడి చేయించుకుని మందులు వాడుతున్నవాళ్లకు, గర్భిణులకు బలం తగ్గించిన వైరస్ టీకా వెయ్యకూడదు.

3. డబ్బుని ఆరు నెలల మీద పరచండి

రెండు డోసులు, ఇద్దరు పిల్లలు, ఎనిమిది వేలు. వినగానే గుండె జారుతుంది. ఎనిమిది వేలు ఒక్కరోజున పెట్టమని ఎవరన్నారు?

ఇలా అనుకుందాం. మీ పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద ఒక్కో పిల్లకు 13,000 రూపాయలు తల్లుల ఖాతాల్లో పడ్డాయి. ఆ డబ్బు వచ్చిన నెలలో పెద్దాడి మొదటి డోసు, మరుసటి నెలలో చిన్నదాని మొదటి డోసు. ఆరు నెలలు గడిచాక, సంక్రాంతి అటూ ఇటూగా, ఒకరి తర్వాత ఒకరికి రెండోది. నాలుగు సార్లు రెండేసి వేలు.

మత్స్యకార కుటుంబాలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిలిచిపోతుంది, చేతిలో డబ్బాడదు. 2025లో ఆ కాలానికి ఇచ్చే సాయం 20,000 అయింది. అది ఇంటి తిండికే సరిపోదని నాకు తెలుసు. కాబట్టి వేట బాగా సాగే నెలల్లో పెట్టుకోండి. జీడితోటలున్నవాళ్లు పిక్క బస్తాలు అమ్మిన రోజే ఒక డోసు డబ్బు తీసి విడిగా కట్టి పెట్టండి. ఏ కుటుంబానికి డబ్బు ఏ నెలలో వస్తుందో ఆ కుటుంబానికే తెలుసు. ఆ నెల పేరు చీటీ మీద రాయండి.

ఆరు నెలలకు డబ్బు కుదరలేదా? కంగారు పడకండి. రెండో డోసు ఏడాదికైనా, ఏడాదిన్నరకైనా వేయించుకోవచ్చు. ఆలస్యమైందని మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. ఎవరైనా మళ్లీ మొదటి డోసే వెయ్యాలంటే ఇంకో డాక్టరుని అడగండి. గడువు ముందుకు జరపడం మాత్రం కుదరదు, ఆరు నెలలకంటే ముందు వేస్తే లాభం లేదు.

4. ధర అడగడం నేర్చుకోండి

చాలామంది "టీకా ఎంతండీ?" అని ఒక్క ప్రశ్న అడిగి ఫోన్ పెట్టేస్తారు. ఆసుపత్రికి వెళ్లాక బిల్లు ఇంకోలా ఉంటుంది. నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ కంపెనీది, ఒక డోసా రెండు డోసులా? పెట్టె మీద ఎమ్మార్పీ ఎంత? సూది వేసినందుకు విడిగా తీసుకుంటారా? డాక్టరు ఫీజు ఇందులో ఉందా, వేరేనా?

ఒక డోసు రకం పెట్టె ధర చూసి "ఇది ఖరీదు" అనుకుని వెనక్కి తగ్గేవాళ్లున్నారు. మొత్తం లెక్క వెయ్యండి. ఒక డోసు రకం 2,300 అనుకోండి, రెండు డోసుల రకం ఒక్కోటి 1,600 అనుకోండి. మొదటిది 2,300తో అయిపోయింది. రెండోది 3,200, దానితో పాటు రెండోసారి ఫీజు, కవిటి నుంచో మందస నుంచో మళ్లీ రానూపోనూ చార్జీలు, ఇంకో రోజు పని. మీ ఊళ్లో దొరికే అసలు ధరలు పెట్టి మీరే ఈ లెక్క చేసుకోండి. ఏది మీ బిడ్డకు సరిపోతుందో డాక్టరు చెప్తారు, ఏది మీ ఇంటికి సరిపోతుందో ఈ లెక్క చెప్తుంది.

ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానికి మించి ఒక్క రూపాయి అడగడం చట్టవిరుద్ధం. దానికంటే తగ్గించి అమ్మొచ్చు, కాబట్టి అడగడంలో తప్పులేదు. మీ వీధిలోనో, బడిలోనో పదిమంది తల్లులు కలిసి ఒకే డాక్టరు దగ్గరికి వెళ్లి "మేం పదిమందిమి, ఒకే రోజు వేయించుకుంటాం, ఎంతకి తెప్పిస్తారు?" అని అడిగి చూడండి. డ్వాక్రా సంఘంలో అప్పులు, పొదుపులు మాట్లాడుకునే మీకు ఈ బేరం కష్టమా?

కంపెనీని బట్టి 15 లేదా 18 ఏళ్లు దాటితే పెద్దల డోసు వెయ్యాలి, దానికి ధర ఎక్కువ. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లు ఆ పుట్టినరోజుకి ముందే వేయించుకుంటే కొంత మిగులుతుంది.

మొదటి డోసు వేసిన కంపెనీది ఆరు నెలల తర్వాత టెక్కలిలో దొరకలేదనుకోండి. చంపిన వైరస్ రకమే అయితే ఇంకో కంపెనీది వేయించుకోవచ్చు. దాని కోసం శ్రీకాకుళం దాకా పరిగెత్తక్కర్లేదు. మొదట వేసింది ఏ రకమో అప్పుడు తెలియాలి కాబట్టి పెట్టె మీది స్టిక్కరు కార్డు మీద అంటించమనండి.

5. చల్లదనానికి కూడా డబ్బిస్తున్నారు

ఈ టీకాని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కినా చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. మే నెల ఎండలో షాపులో కొని, పాలిథిన్ సంచిలో వేసుకుని, బండి మీద ఊరు తీసుకెళ్లి తెలిసినవాళ్ల చేత వేయించుకుంటే ఫీజు మిగలొచ్చు, రక్షణ మిగలకపోవచ్చు. వేసే చోటే ఉంచి వేసే క్లినిక్కు మేలు. షాపులో కొనక తప్పకపోతే ఐసుతో ఉన్న చిన్న పెట్టెలో, మందు ఐసుకి నేరుగా తగలకుండా పెట్టించుకుని వెంటనే వెళ్లండి. ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి.

ఫ్రిజ్‌కి ఇన్వర్టరు ఉందా అని కూడా అడగొచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఎన్ని ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మనకి గుర్తే. అలాంటి రోజుల తర్వాత, కరెంటు పోయిన ఫ్రిజ్‌లోంచి తీసిన మందు వేయించుకోకండి.

6. ఇంట్లో ఒకరికి వచ్చేస్తే

ఈ మాట చాలామందికి తెలియదు, అందుకే గట్టిగా చెప్తున్నాను. ఇంట్లో ఒకరికి హెపటైటిస్ ఎ అని రక్తపరీక్షలో తేలితే, మిగతావాళ్లకు అప్పుడు కూడా టీకా పనికొస్తుంది. వైరస్ తగిలిన 14 రోజుల్లోపు వేస్తే జబ్బుని చాలావరకు ఆపగలదు. రోగి కళ్లు పచ్చబడటానికి రెండు వారాల ముందు నుంచే వైరస్‌ని బయటికి వదులుతాడు కాబట్టి ఆ గడువులో కొన్ని రోజులు ఇప్పటికే అయిపోయి ఉంటాయి. "ముందు పెద్దాడికి తగ్గనీ, తర్వాత చూద్దాం" అనుకుంటే ఆ తర్వాత ఉండదు. పెద్దాడి రిపోర్టు వచ్చిన రోజే చిన్నదాని గురించి అడగండి. దాచుకున్న డబ్బు తియ్యాల్సిన రోజు ఏదైనా ఉంటే అది ఇదే.

అప్పటికే కామెర్లు వచ్చినవాళ్లకు టీకా వెయ్యడం దండగ. వాళ్లకు కావాల్సింది విశ్రాంతి, తిండి, డాక్టరు చూపు. వాంతులు ఆగకపోయినా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఎక్కడైనా రక్తం కారుతున్నా ఆ రాత్రే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

పసరు గురించి అడుగుతారని తెలుసు. మణికట్టు మీద వాత పెట్టించడం గురించి కూడా. హెపటైటిస్ ఎ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గుదల పేరు పసరుకి వెళ్తోంది. తగ్గనివాళ్లకు మాత్రం ఆసుపత్రికి వెళ్లాల్సిన వారం రోజులు అక్కడే పోతాయి. ఏ ఆకులో ఏముందో తెలియని పసరుని, అలసిపోయిన కాలేయం మీద, అదీ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా పూర్తిగా తేలని ఉద్దానంలో, నేనైతే నా వాళ్ల చేత తాగించను. ఒళ్లునొప్పులకు షాపులో నొప్పిమాత్రలు కొని వేసుకోవడం కూడా అంతే. కాలేయానికి, కిడ్నీకి రెండిటికీ చేటు.

7. టీకా పడింది కదా అని నీళ్లు మరిచిపోకండి

నీళ్ల ద్వారా వచ్చే కామెర్లు ఇంకోటి ఉంది, హెపటైటిస్ ఇ. గర్భిణులకు అది ప్రాణాంతకం కాగలదు. ఈ టీకా దాన్ని ఆపదు. టైఫాయిడ్‌ని, విరేచనాల్ని ఆపదు. వానాకాలంలో, తుపాను తర్వాత, పైపు పగిలి నీళ్లు రంగు మారినప్పుడు తెర్లే దాకా కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి. క్యాను నీళ్లు శుభ్రంగానే రావొచ్చు. ఆ క్యానులో చెంబు ముంచుతున్న చెయ్యి శుభ్రంగా ఉందా? మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతోనే కడగాలి, శానిటైజరు ఈ వైరస్ మీద అంతగా పనిచెయ్యదు. 1988లో చైనాలోని షాంఘై నగరంలో సరిగ్గా ఉడికించని ఆలుచిప్పలు తిని మూడు లక్షల మంది దాకా హెపటైటిస్ ఎ బారిన పడ్డారు. మురుగు కలిసిన నీళ్లలో పెరిగిన చిప్పలవి. తీరంలో ఉండే మనం చిప్పలైనా, చేపలైనా బాగా ఉడికాకే తినాలి.

పిల్లని హాస్టల్లో చేర్చే రోజు భోజనం ఎలా ఉంది అని మాత్రమే అడగకండి. తాగునీటి ఫిల్టరు పనిచేస్తోందా, దాన్ని చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు, మరుగుదొడ్ల దగ్గర సబ్బు ఉందా అని అడగండి. జవాబు చెప్పడానికి వార్డెనమ్మ చిరాకు పడితే పడనివ్వండి. మీరు అడిగితే ఆ హాస్టల్లో మిగతా పిల్లలకీ మేలు. కురుపాంలో చదివిన పిల్లల తల్లిదండ్రులు చాలామందికి రెండు వేలు పెట్టి టీకా వేయించే స్తోమత లేదు. గురుకులాల్లో, వసతిగృహాల్లో చేరే పిల్లలకైనా ప్రభుత్వం ఈ టీకాని ఉచితంగా వెయ్యాలి అన్నది నా అభిప్రాయం. మీ ఊరికి వచ్చే ప్రజాప్రతినిధిని మీరూ అడగండి. సుజలధార కూడా అడగ్గా అడగ్గానే వచ్చింది.

ఉచిత టీకా వచ్చేదాకా మీ చీటీ మీ చేతిలో ఉంది. దాని వెనక పేర్లు రాశారు, అంకెలు వేశారు, డబ్బు వచ్చే నెల రాశారు. రేపు పొద్దున్న పదింటికి, క్లినిక్కు తెరిచే వేళకి ఫోన్ చేసి ఆ నాలుగు ప్రశ్నలు అడగండి. అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆవిడ లెక్కలు చూసే మనిషి, మొదటి అంకె ఎవరికో చెప్తే రెండో డోసు తేదీ ఆవిడే గుర్తుపెట్టుకుంటుంది.